నాయన పిన్నుల డబ్బా

పాత నోట్ల కట్టలు మీలో ఎంతమందికి గుర్తున్నాయో. నూరు నోట్లు ఒక కట్ట, దానికి ఒక పక్కన గట్టి పిన్నులు, పైన చిన్న కాగితం చీటీ, ఆ చీటీ మీద లెక్కపెట్టిన క్యాషియర్ పొట్టి సంతకం, తేదీ. ఆ పిన్ను ఊడదీయబోతే గోరు విరిగేది, నోటుకి చిల్లు పడేది. 2001లో రిజర్వు బ్యాంకు ఇక పిన్నులు కొట్టొద్దు, కాగితం పట్టీ చుట్టండి అని బ్యాంకులకు చెప్పేదాకా అదే పద్ధతి. మా నాయన ఆ పిన్నుల కాలం క్యాషియర్. సూర్యాపేటలో ఒక బ్యాంకులో ఇరవై ఏళ్ళకు పైగా కౌంటర్‌లో కూర్చున్నాడు.

చిన్నప్పుడు సెలవుల్లో టిఫిన్ డబ్బా ఇవ్వడానికి వెళ్తే నన్ను జాలీ బయట బల్ల మీద కూర్చోబెట్టేవాడు. లోపల ఆయన స్పాంజి డబ్బాలో వేలు తడుపుకుంటూ నోట్లు లెక్కపెట్టడం చూస్తుంటే నాకు టైం తెలిసేది కాదు. ఒక కట్ట అయిపోతే చీటీ పెట్టి సంతకం చేసేవాడు. ఆ సంతకం ఎందుకు నాయనా అని అడిగితే, "ఈ కట్టల తొంభై తొమ్మిదే ఉన్నయనుకో, రేపు ఇంకో ఊర్ల ఇంకో బ్యాంకోళ్ళు విప్పి చూస్తరు. అప్పుడు ఎవర్ని అడగాలె? చీటీ మీద ఉన్నోణ్ణి" అన్నాడు. అంతే. అప్పట్లో అది నాకు ఆటలా అనిపించింది. ఇంటికొచ్చి పేక ముక్కలు కట్టలు కట్టి, చీటీ పెట్టి, నా సంతకం పెట్టుకునేవాణ్ణి.

పాత కట్టలు విప్పినప్పుడు వచ్చిన పిన్నుల్ని ఆయన కాళ్ళ దగ్గరి చెత్తబుట్టలో వేసేవాడు కాదు. పక్కనే ఒక ఖాళీ బోర్న్‌విటా డబ్బా. ఒక్కొక్క పిన్నూ అందులోకే. సాయంత్రం బ్యాంకు ఊడ్చే ఆవిడ చీపురుతో ఊడ్చి, చెత్తను రెండు చేతులతో ఎత్తి గంపలో వేసుకునేది. కాళ్ళకు చెప్పులు ఉండేవి కావు. మిగతా కౌంటర్ల దగ్గర పిన్నులు నేల మీదే పడి ఉండేవి. నాయన ఎవరికీ చెప్పినట్టు నాకు గుర్తులేదు, తన డబ్బా తను నింపుకునేవాడు. నిండితే ఇంటికి తెచ్చి, పాత ఇనుప సామాన్ల వాడు వచ్చినప్పుడు ఇచ్చేవాడు. వాడు దానికి పైసా కూడా ఇచ్చేవాడు కాదు.

ఒక సాయంత్రం లెక్కలో 500 తక్కువ వచ్చింది. రాత్రి పది దాటినా ఇంటికి రాలేదు. అమ్మ గడప దగ్గరే కూర్చుంది. వచ్చాక అన్నం కూడా తినకుండా మంచం మీద కూర్చుని, ఆ రోజు ఎవరెవరు వచ్చారో, ఎవరికి ఎంత ఇచ్చాడో ఒక్కొక్కటీ చెప్పుకుంటూ పోయాడు. ఎవరికో ఒక కట్టో, కొన్ని నోట్లో ఎక్కువ వెళ్ళాయి, ఎవరికని తేలలేదు. ఆ డబ్బు ఆయనే కట్టాడు, క్యాషియర్ ఉద్యోగమంటే అదే కదా. ఆ నెల పాలు సగానికి తగ్గించారు, నాకు కొత్త చెప్పులు వచ్చే నెలకు వాయిదా పడ్డాయి. మేనేజర్ మంచివాడే, ఆ రోజు జీతాల రద్దీ ఎలా ఉందో ఆయనకూ తెలుసు. కానీ నాయన నోటి నుంచి రద్దీ మాట రాలేదు. "నేను రెండోసారి లెక్కపెట్టలే" అని మాత్రం అమ్మతో అన్నాడు.

అప్పటి మా ఇంట్లో చెత్త ఎంత ఉండేదని ఇప్పుడు తలుచుకుంటే నమ్మబుద్ధి కాదు. బియ్యం కడిగిన నీళ్ళు, గంజి, కూరగాయల తొక్కలు అన్నీ కుడితి గోలెంలోకి. మా పక్కింటి వాళ్ళకు రెండు బర్రెలుండేవి, పొద్దునా సాయంత్రం వాళ్ళ పిల్ల వచ్చి బకెట్‌తో ఎత్తుకుపోయేది, బదులుగా ఎప్పుడైనా ఓ గిన్నెడు జున్నుపాలు ఇచ్చేవాళ్ళు. పొయ్యిలో బూడిద అంట్లు తోమడానికి. పండగకి మోదుగాకు విస్తర్లు, తిన్నాక అవి పెరట్లో పెంటబొందలోకి. ఎవరి విస్తరి వాళ్ళే తీయాలి, నాయనైనా సరే, ఇంటికొచ్చిన చుట్టాలవి మాత్రం అమ్మ తీసేది. పాత పేపర్లు కొట్టువాడికి పొట్లాలకు. చినిగిన చీరలు బొంతలోకి. ఇక చెత్త అని బయటకు వెళ్ళేది ఏముంటుంది? పగిలిన గాజు, పాడైన టార్చిలైటు బ్యాటరీలు, ఊడిన చెప్పు పట్టీ. వారానికి ఒక దోసెడు కూడా ఉండేది కాదేమో. ఆ కాలం అంతా బాగుండేదని నేను అనను, ఎందుకంటే అంత కొంచెం చెత్త కూడా ఎత్తేది ఎవరంటే తరతరాలుగా కులం పేరుతో ఆ పని అంటగట్టబడ్డవాళ్ళే, వాళ్ళ చేతికి ఒక గుడ్డ తొడుగు కూడా ఎవరూ ఇచ్చిన పాపాన పోలేదు.

మా గల్లీ ఊడ్చే అవ్వ సంగతి చెప్పాలి. ఇది రాయాలనే కూర్చున్నాను, ఇప్పటిదాకా అటూ ఇటూ తిరుగుతున్నాను.

నేను ఇంటర్ రెండో సంవత్సరం. 1985. మీసం గీయడం కొత్తగా మొదలైంది. నాయన రేజరుతోనే, టోపాజ్ బ్లేడు. నాయన తన పాత బ్లేడుల్ని స్నానాల గది గూట్లో ఇంకో డబ్బాలో వేసేవాడు, దానికి మూత మీద సన్నటి గాటు పెట్టి ఉండేది. నాకూ చెప్పాడు. నేను ఆ రోజు కాలేజీకి ఆలస్యమైంది అనుకుంటూ బ్లేడుని కాగితంలో కూడా చుట్టకుండా గోడ బయటికి విసిరేశాను. మరునాడు పొద్దున అవ్వ గల్లీ ఊడ్చి కుప్ప చేసి రెండు చేతులతో ఎత్తింది. కుడిచేయి, బొటనవేలి కింద మెత్తటి చోట తెగింది.

నేను పళ్ళు తోముకుంటూ బయటికి వచ్చేసరికి ఆమె మా అరుగు మీద కూర్చుని కొంగుతో చెయ్యి అదిమి పట్టుకుని ఉంది. కొంగంతా ఎర్రగా అయింది. అమ్మ పసుపు తెచ్చి అద్దుతోంది. నాయన కుప్పలో వెతికి బ్లేడు తీశాడు. దాన్ని చూశాడు, నన్ను చూశాడు. మా గల్లీలో గడ్డాలు గీసుకునేవాళ్ళు పది మంది ఉన్నారు, నాది అని ఏముంది అనుకున్నాను, ఆ మాటే నోటి దాకా వచ్చింది. ఆయన మెల్లగా, "చీటీ మీద సంతకం లేకుంటే నీది కాకుండ పోతదా?" అన్నాడు.

ఇవాళ్టికీ ఆ మాట తలుచుకుంటే నా చెవులు వేడెక్కుతాయి.

అవ్వ మాత్రం "పిలగాడు సారూ, ఎరుక లేక ఏసిండు, ఏమనకుర్రి" అంది. తనకు గాయమైతే నన్ను వెనకేసుకొచ్చింది. నాయన రిక్షా పిలిచి, నన్నూ ఎక్కించి, సర్కారు దవాఖానకు తీసుకెళ్ళాడు. నాలుగు కుట్లు పడ్డాయి, టీటీ ఇంజక్షన్ చేశారు. ఆమెది రోజుకూలి, రాకపోతే పైసలు రావు. పది రోజుల కూలి నాయన లెక్కకట్టి ఇచ్చాడు, అది నాకు సైకిల్ కోసం దాస్తున్న డబ్బుల్లోంచి అని నా ఎదురుగానే తీశాడు. ఆ పది రోజులూ పొద్దున ఐదింటికి లేచి మా గల్లీ నేను ఊడ్చాను. మొదటి రోజు సిగ్గుతో తల ఎత్తలేదు. మూడో రోజుకి ఏ ఇంటి ముందు ఏమి పడేస్తారో నాకు తెలిసిపోయింది. ఒక ఇంటి ముందు రోజూ మాత్రల రేకులు, ఒక ఇంటి ముందు పగిలిన సీసా పెంకులు, ఒకచోట పిల్లల మలం పొట్లం కట్టి. వాళ్ళందరూ నాకు అన్నలు, అత్తలు, పెద్దమ్మలు. వాళ్ళింట్లో నేను దసరాకి జమ్మి ఇచ్చి కాళ్ళు మొక్కేవాణ్ణి. చెత్త ఇంట్లోంచి గడప దాటితే చాలు, ఇక అది వాళ్ళది కాదు. నేనూ అంతే చేశాను కదా.

చదువయ్యాక 1992లో హైదరాబాద్ బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీలో జీతాల లెక్కలు చూసే ఉద్యోగం దొరికింది. నూట నలభై మంది దాకా పనివాళ్ళు. ప్రతి నెలా 7వ తేదీ లోపు జీతాలు ఇవ్వాలి, అది చట్టం. హాజరు మస్టర్ షీట్లు పని జరిగే షెడ్డు నుంచి నా బల్ల మీదికి వచ్చేవి, నేను వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. ఓవర్‌టైం అయితే రెట్టింపు కూలి. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ కీచుమంటూ పేస్లిప్పులు కొట్టేది, నగదు కవర్లలో పెట్టి పంచేవాళ్ళు.

1994 అక్టోబర్, దసరా ముందు. ఆ నెల జీతాల్లో పదకొండు మందికి మూడోవారం నైట్ షిఫ్ట్ ఓవర్‌టైం రాలేదు. బతుకమ్మ రోజులు, ఆడపిల్లల్ని పుట్టింటికి తెచ్చుకోవాలి, చీరలు పెట్టాలి, ఒక్కొక్కళ్ళకి ఆ ఓవర్‌టైం మీదే ఆశ. జరిగిందేమిటంటే ఆ వారం షీటు ఇంకో షీటుకి అంటుకుని పోయింది. నేను షీట్లు లెక్కపెట్టుకోలేదు. మేనేజర్ అడిగితే ఏమాత్రం తడుముకోకుండా "కంప్యూటర్‌లో ఎక్కలేదు సార్, ప్రోగ్రాంలో ఏదో తేడా" అన్నాను. ఆ ప్రోగ్రాం రాసిచ్చి నెల నెలా వచ్చి చూసిపోయే కుర్రాడు ఒకడుండేవాడు, నాకంటే చిన్నవాడు. మేనేజర్ అతన్ని పిలిపించి అందరి ముందు తిట్టాడు. అతను ఆ రోజంతా భోజనం మానేసి ప్రోగ్రాం వెతికాడు, లేని తప్పు ఎక్కడ దొరుకుతుంది? ఆ పదకొండు మందిలో ఒక పెద్దాయన నా బల్ల దగ్గరికి వచ్చి, కోపంగా కూడా కాదు, "కంప్యూటర్‌కు మా పేర్లు చెప్పెటోళ్ళు ఎవరు సార్?" అని అడిగాడు. నేను రేపు చూద్దాం అన్నాను.

ఆ ఆదివారం సూర్యాపేట వెళ్ళాను. బస్సులో సగం మంది ముక్కులకు రుమాళ్ళు కట్టుకుని ఉన్నారు. సూరత్‌లో ప్లేగు వచ్చిన రోజులవి. మన వరంగల్, కరీంనగర్, నల్గొండ వైపు నేత కుటుంబాలు ఎన్నో సూరత్ మిల్లుల్లో పనిచేసేవి, భయంతో రైళ్ళెక్కి ఇంటిదారి పట్టారు, వాళ్ళను చూసి ఊళ్ళలో జనం భయపడ్డారు. టెట్రాసైక్లిన్ మాత్రల కోసం మందుల షాపుల ముందు వరసలు. మా ఊళ్ళో ఎప్పుడూ కనపడని బ్లీచింగ్ పౌడర్ కాలువల పొడుగునా తెల్లగా చల్లి ఉంది. ఇంట్లో నాయన పేపర్ చదువుతున్నాడు. వానలకు సూరత్ మునిగిపోయి, ఎత్తని చెత్త, చచ్చిన పశువులు కుళ్ళిపోయాయని అందులో రాశారు.

రాత్రి భోజనాల దగ్గర ఆఫీసు సంగతి చెప్పాను. ఆయనకీ కంప్యూటర్ కథే చెప్పాను. విన్నాడు. "ఆ కాయితం నీ బల్ల మీదికి వచ్చిందా, రాలేదా?" అన్నాడు. వచ్చింది అన్నాను. ఇంకేమీ అనలేదు, లేచి తన కంచం తీసుకుని పెరట్లోకి వెళ్ళిపోయాడు. నాకు అన్నం దిగలేదు.

సోమవారం పొద్దున మొదటి బస్సెక్కి నేరుగా ఫ్యాక్టరీకి వెళ్ళి, షీట్లు లెక్కపెట్టకపోవడం నా పొరపాటు, ప్రోగ్రాంలో ఏ తప్పూ లేదు అని కాగితం రాసి మేనేజర్‌కి ఇచ్చాను. చేతులు వణికాయి, ఉద్యోగం పోతుందనే అనుకున్నాను. ఆయన చాలాసేపు తిట్టాడు, తరువాత పదకొండు మందికి విడిగా డబ్బు ఇప్పించాడు. సద్దుల బతుకమ్మకి ముందే అందింది. నా ఆ ఏటి ఇంక్రిమెంట్ ఆగిపోయింది, అది న్యాయమే. ఆ కుర్రాడికి సారీ చెబితే అతను నవ్వి ఊరుకున్నాడు గానీ, ఆ తర్వాత నాతో మునుపటిలా మాట్లాడలేదు. ఆ నెల నుంచి నా దగ్గరికి వచ్చిన ప్రతి షీటుకి ఒక నంబరు వేసి, ఎక్కించాక అడుగున పొట్టి సంతకం పెట్టేవాణ్ణి. ఎవరూ అడగలేదు. ఎక్కడ పనిచేసినా, ఎక్సెల్ వచ్చాక కూడా, ఏ లెక్క బయటికి పంపినా తయారు చేసింది నేనే అని పేరు రాసే పంపుతున్నాను. దీనివల్ల తిట్లు కూడా తిన్నాను. కానీ రాత్రి నిద్ర పడుతుంది.

మరుసటి ఏడాది సూరత్‌కి మున్సిపల్ కమిషనర్‌గా ఎస్.ఆర్. రావు వెళ్ళారు. అధికారుల్ని ఏసీ గదుల్లోంచి లేపి రోజూ వీధుల్లో తిప్పి, ఏ ప్రాంతం శుభ్రతకి ఎవరు జవాబుదారీయో తేల్చి అప్పగించారు. రెండేళ్ళు తిరగకుండానే ప్లేగు ఊరు దేశంలో రెండో శుభ్రమైన నగరమని పేరు తెచ్చుకుంది. నాయన ఆ వార్త కత్తిరించి తన బ్యాంకు డైరీలో పెట్టుకున్నాడు. ఆయనకు ఎవరైనా పెద్దాఫీసర్ వీధిలో నిలబడ్డాడంటే అంత సంతోషం.

2000ల మొదట్లో మా సూర్యాపేట కూడా వీధి చెత్తకుండీలు లేని ఊరని పేరు తెచ్చుకుంది. ఇంటింటికీ రెండు బుట్టలు, తడిది ఒకదాంట్లో, పొడిది ఒకదాంట్లో, బండి గడప ముందుకే వచ్చేది. తడి చెత్తతో వానపాముల ఎరువు తయారుచేసి అమ్మేవాళ్ళు. వేరే మున్సిపాలిటీల వాళ్ళు వచ్చి చూసి వెళ్ళేవారు. అమ్మకి ఎవరూ నేర్పనక్కర్లేకపోయింది. "ఒకటి కుడితి గోలెం, ఒకటి ఇనుప సామానోడి బుట్ట, ఇంకేంది" అంది. అప్పటికి పక్కింటి బర్రెలు లేవు, పాలు కవర్లలో వస్తున్నాయి. ఆ పాల కవర్ల మూల కత్తిరించిన చిన్న ముక్కలు విడిగా పడిపోతే ఎవరూ ఏరలేరని, కత్తిరించకుండా గాటు మాత్రం పెట్టి, కడిగి ఆరేసి ఇచ్చేది.

మరి నేను హైదరాబాద్‌లో ఏం చేశాను? చాలా ఏళ్ళు ఏమీ చేయలేదు, అది ఒప్పుకోవాలి. ఆఫీసులో ప్రతి షీటుకి సంతకం పెట్టేవాణ్ణే ఇంట్లో అన్నీ ఒకే నల్ల కవర్లో కుక్కి, ముడేసి, తలుపు బయట పెట్టేవాణ్ణి. బ్లేడులు మాత్రం విడిగా, అంతవరకే. ఓ సాయంత్రం దమ్మాయిగూడలో ఉండే ఆఫీసు మిత్రుడి ఇంటికి వెళ్ళాను. వాళ్ళమ్మాయి పుట్టినరోజు. చీకటి పడ్డాక గాలి మళ్ళింది, నగరం చెత్తంతా పోసే జవహర్‌నగర్ డంపింగ్ యార్డు మీదుగా వాసన వచ్చింది. చుట్టాలు ముక్కులు మూసుకుని ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. వాళ్ళ ఇంట్లో వాళ్ళు మాత్రం కదలకుండా కిటికీ రెక్కలు వేసేశారు, రోజూ వేసేవేగా. ఆయన మంచినీళ్ళు ఇస్తూ, యార్డు పక్కనున్న మల్కారం చెరువు నల్లగా ఎలా అయిందో చెప్పాడు. తడీ పొడీ కలిపి పోస్తే లోపల గాలి ఆడక కుళ్ళి నల్లటి రసం కారుతుంది, అది భూమిలోకీ చెరువులోకీ దిగుతుంది. తర్వాత ఆ గుట్టని కప్పి పైన గడ్డి పెంచారు గానీ, కింద ఉన్నది మాయమవుతుందా? ఆ రాత్రి బండి మీద తిరిగొస్తుంటే నాకు అవ్వ చెయ్యి గుర్తొచ్చింది. ఆ గుట్టలో మా ఇంటి కవర్లు ఎన్ని ఉన్నాయో, ఒక్కదాని మీదా నా చీటీ లేదు, అయినా అవి నావే.

2015లో ఇంటింటికీ ఆకుపచ్చ డబ్బా, నీలం డబ్బా ఇచ్చారు, స్వచ్ఛ ఆటోలు వచ్చాయి. మా అపార్ట్‌మెంట్‌లో చాలామంది నీలం డబ్బాలో బియ్యం పోసుకున్నారు, ఇంకొందరు నీళ్ళు పట్టుకున్నారు. మరుసటి ఏడాది వచ్చిన చెత్త నిర్వహణ నిబంధనల్లో తడి, పొడి, ఇంట్లో వచ్చే ప్రమాదకర చెత్త మూడూ విడివిడిగా ఇవ్వాలని స్పష్టంగా రాశారు. మా అమ్మాయి ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం, అక్కడ రెండు బిన్నులు ఒక సంచి పద్ధతి, కలిపి ఇస్తే ఎత్తేవాళ్ళు తీసుకోరని మొదట్లో విసుక్కునేది. ఇప్పుడు శానిటరీ ప్యాడ్లు కాగితంలో చుట్టి మీద ఎర్ర స్కెచ్‌పెన్‌తో గుర్తు పెడుతుంది, విప్పి చూడాల్సిన పని ఇంకొకరికి ఉండకూడదని. నేను దానికి ఏమీ చెప్పలేదు. తాత పిన్నుల డబ్బా సంగతి వాళ్ళమ్మ చెప్పి ఉంటుంది.

నాయన పోయి ఆరేళ్ళు. సూర్యాపేట ఇల్లు ఖాళీ చేసేటప్పుడు స్నానాల గది గూట్లో ఆ బ్లేడుల డబ్బా దొరికింది, తుప్పుపట్టి, సగం నిండి. మూత మీది గాటు ఇంకా ఉంది. దాన్ని తెచ్చుకుని నేను వాడుతున్నాను. పోయిన నెల నిండింది. మూతకి టేపు చుట్టి, చీటీ అంటించి, "బ్లేడులు, గాజు పెంకులు" అని రాసి, కింద ఫ్లాట్ నంబరు వేసి సంతకం పెట్టాను. పొద్దున ఆరున్నరకి స్వచ్ఛ ఆటో వచ్చింది. బండి మీది అబ్బాయికి చేతికే ఇచ్చాను.

"ఇదేంది సార్?" అన్నాడు.

"బ్లేడులు నాయనా, మిగతా వాటితో కలపకు."

చీటీ చదివి, నా మొహం చూసి, డబ్బాని తన సీటు పక్కన పెట్టుకున్నాడు.